నాలుగు గెలిచి ఒకటే తెచ్చుకున్న పిల్ల

పోయిన ఆదివారం మనవరాలిని ఆటల మైదానానికి తీసుకుపోయి, అక్కడ కోచ్ అబ్బాయితో గొడవ పెట్టుకుని ఇంటికొచ్చాను. అరవై దాటినదాన్ని, మోకాలికి పట్టీ కట్టుకుని నడిచేదాన్ని, నలుగురిలో గొంతు పెంచడం నాకు కొత్త కాకపోయినా ఈ మధ్య బాగా తగ్గించుకున్నాను. ఆ రోజు మాత్రం నావల్ల కాలేదు. పిల్లకు పదకొండేళ్ళు, హర్డిల్స్ నేర్చుకుంటోంది. పక్కన ఇసుక గుంట కనబడేసరికి ఉబలాటం ఆపుకోలేక పోయి రెండుసార్లు దూకింది, అంతే, ఆ అబ్బాయి విజిల్ ఊదుకుంటూ వచ్చి, నీది హర్డిల్స్, ఇటువైపు రావద్దు, అదీ ఇదీ కలిపితే రెండూ పాడైపోతాయి అని పిల్లను గదమాయించాడు. నాకు ఒళ్ళు మండింది. పాడైపోతాయట! పరుగు లేకుండా దూకుడు ఎక్కడినుంచి వస్తుంది, దూకుడు తెలియని కాలు ఇనుప గుండును ఎట్లా నెడుతుంది, ఈ మాత్రం తెలియకుండా మెడలో విజిల్ ఎందుకు వేసుకున్నావు నాయనా అని మొదలుపెట్టి ఇంకా ఏమేం అన్నానో నాకే గుర్తులేదు. మనవరాలు నా చేయి పట్టుకుని గేటు దాకా లాక్కొచ్చింది.

ఇంటికొచ్చి చల్లటి నీళ్ళు తాగి కూచున్నాక తెలిసింది, ఆ కోపం పాపం ఆ అబ్బాయిది కాదని. అతని వయసుకు రెండింతల వయసుంటుంది దానికి. జహీరాబాద్‌లో నేను తొమ్మిదో తరగతి చదివిన నాటిది అది, డెబ్బైల్లోది, ఇన్నేళ్ళుగా ఎక్కడా దింపుకోవడానికి చోటు దొరకక నాతోనే తిరుగుతోంది. మన ఈడువాళ్ళకైతే చెప్పుకోవచ్చు, పిల్లలకు చెబితే ఇంత చిన్న విషయానికా అంటారు.

మా పొలం ఊరికి ఆనుకునే ఉండేది. ఎర్రమట్టి నేల, చెరుకు, ఆలుగడ్డ, అల్లం వేసేవాళ్ళం. అల్లాన్ని ఎత్తు మడుల మీద పెడతారు, మడికీ మడికీ నడుమ సన్నటి కాలువ ఉంటుంది, మడి మీద కాలు పడిందంటే మా నాయినమ్మ తిట్లు కోహీర్ దాకా వినబడేవి. అందుకని చిన్నప్పటినుంచీ నాకు మడి మీద కాలు ఆనకుండా, పరుగు ఆపకుండా, ఒక్కో మడిని ఒక్కో అంగలో దాటుకుంటూ పోవడం అలవాటు. అది ఒక విద్య అని నాకేం తెలుసు? అది చూసి తెలుసుకున్నవారు మా బడి డ్రిల్లు సారు. ఆయన బీదర్ వైపు మనిషి, కన్నడం, ఉర్దూ, తెలుగు మూడూ కలిపి తిట్టేవారు, మెచ్చుకోవడం మాత్రం ఏ భాషలోనూ వచ్చేది కాదు. ఒకసారి ఏదో పనిమీద మా పొలానికి వచ్చి, గట్టు మీద నిలబడి నా పరుగు చూసి, ఇది ఎగరట్లేదు, దాటుతోంది, ఎగిరేవాళ్ళు వందమంది దొరుకుతారు, దాటేవాళ్ళు దొరకరు అని మా నాయినతో అన్నారట. మరునాటినుంచి బడి అయ్యాక నన్ను మైదానంలో నిలబెట్టడం మొదలైంది.

ఆ మైదానంలో ఏమున్నాయని అడగండి. ఒక ఇనుప గుండు, ఒక విజిల్, బావి తాడు ఒకటి. హర్డిల్స్ అంటే రెండు వైపులా ఇటుకలు పేర్చి, పైన చెరుకు గడ అడ్డంగా పెట్టేవాళ్ళం, తగిలితే పడిపోయేది, ఆ రోజు ఆట అయ్యాక ఆ గడలన్నీ తినేసేవాళ్ళం. హైజంప్‌కు ఆలుగడ్డల గోనెసంచుల్లో ఎండిన చెరుకు పిప్పి కూరి పరుపులు చేశారు. లాంగ్‌జంప్‌కు వాగు ఇసుక తెచ్చి గుంటలో పోశారు. ఇంతే సంసారం. కానీ ఆ సంసారంలో ఆయన నాకు నేర్పినది, నేను తరువాత శిక్షణ కాలేజీలో పుస్తకాలు చదివి నేర్చుకున్నదానికంటే ఎక్కువ. ఒంట్లో బలం ఒక్కటే ఉంటుంది, ఆటల పేర్లే వేరువేరు అనేవారు. హర్డిల్ మీదుగా ముందు కాలు తిన్నగా లేస్తుంది చూడు, అదే కాలు హైజంప్ తాడు మీద కత్తెర వేస్తుంది అని, రెండు రోజుల్లో నాకు హైజంప్ పట్టించారు. నూరు మీటర్ల పరుగును తెచ్చి లాంగ్‌జంప్‌లో కాలు తన్ని లేచే పట్టీ ముందు పెట్టారు. ఆ పట్టీ ముందు చివరి రెండు అడుగులు ఉన్నాయే, వాటి కోసం నన్ను ఏడిపించారు: చివరిదానికి ముందు అడుగు పొడుగ్గా వేసి నడుము కాస్త దించాలి, చివరి అడుగు పొట్టిగా, చటుక్కున పడాలి. సున్నంతో గుర్తులు పెట్టి, ఎన్ని సాయంత్రాలు ఆ రెండు అడుగులే వేయించారో! అవి ఒంటికి పట్టిన రోజున హైజంప్ కూడా దానంతటదే జానెడు పెరిగింది, ఎవరూ దాన్ని ముట్టుకోకుండానే. ఆ రోజు నేను ఆశ్చర్యపోయి సారు మొహం చూస్తే, ఆయన ఏమీ జరగనట్టు గోనెసంచులు సర్దుకుంటున్నారు.

ఇక మా నాయిన సంగతి. ఆయన బడి కమిటీకి ప్రెసిడెంటు. ఊళ్ళో పంచాయతీ ఏదైనా ఆయన మాటతో తెగేది, ఎవరింట్లో పెళ్ళయినా భోజనాల బంతి చివర నిలబడి అందరికీ అందిందా లేదా చూసేవారు. ఆడపిల్ల పరుగులేంటని అడిగినవాళ్ళకు ఆయనే జవాబు చెప్పేవారు కూడా, ఆ మాట చెప్పకపోతే పాపం తగులుతుంది. మంచివాడు. ఆ మంచితనం మీదే నా కోపం.

బడిలో ప్రతి ఏడూ ఆటల పోటీలయ్యేవి, బహుమతుల గిన్నెలు మా నాయినే కొనిచ్చేవారు. దానికి ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటుండేది: ఒక పిల్లకు ఒక్కటే బహుమతి. బంతిలో ఒకరి విస్తట్లో రెండు బక్షాలు, అదే బొబ్బట్లు, పడితే పక్కవాడు ఖాళీ విస్తరి చూసుకుంటూ కూచోవాలా అనేవారు. ఎవరైనా రెండింట్లో ముందొస్తే, ఒకటి ఉంచుకుని, రెండోది వెనక వచ్చిన పిల్లకు ఇచ్చేయాలి. ఊరంతా దీన్ని మెచ్చుకునేది. నేనూ చిన్న తరగతుల్లో మెచ్చుకున్నాను, నాకు అట్లా ఒక చెంబు కూడా వచ్చింది, ఎవరి గెలుపో ఏమో, సంతోషంగా ఇంటికి తెచ్చుకున్నాను. ఇక్కడ మెలిక ఒకటుంది, అది అప్పుడు మాలో ఎవరికీ పట్టలేదు. మైదానంలో ఎవరు గెలిచారో డ్రిల్లు సారు పలక మీద సుద్దతో రాసుకునేవారు. బహుమతులు పంచడం అయ్యాక, ఎవరికి ఏది ముట్టిందో చూసి బడి గుమాస్తా రిజిస్టర్‌లో ఎక్కించేవాడు, కింద ప్రెసిడెంటు సంతకం పెట్టేవారు, పలక తుడిచేసేవాళ్ళు. అంటే రిజిస్టర్‌లో ఉండేది గెలిచినవాళ్ళ పేర్లు కాదు, గిన్నె తీసుకున్నవాళ్ళ పేర్లు.

తొమ్మిదో తరగతిలో నేను నాలుగింట్లో ముందొచ్చాను, హర్డిల్స్, హైజంప్, లాంగ్‌జంప్, గుండు. గుండులో గెలిచానంటే అది నా గొప్ప కాదు, మిగతా పిల్లలు దాన్ని చూసి భయపడి పాదాల దగ్గర పడేసుకున్నారు. సాయంత్రం బల్ల మీద గిన్నెలు వరుసగా పెట్టారు. లాంగ్‌జంప్‌కు మూడు గిన్నెల టిఫిన్ డబ్బా, హర్డిల్స్‌కు కంచం, హైజంప్‌కు చెంబు, గుండుకు ఒక స్టీలు గ్లాసు. మా నాయిన నా పేరు పిలిచి, గ్లాసు తీసి నా చేతిలో పెట్టారు. ఎందుకు గ్లాసు? అన్నిట్లో అదే చిన్నది కాబట్టి. ప్రెసిడెంటు తన బిడ్డకు పెద్ద గిన్నె ఇచ్చుకున్నాడని ఊళ్ళో ఎవరూ అనకూడదు కాబట్టి. నన్ను అడగలేదు. డబ్బా, వెనక వచ్చిన చిరాగ్‌పల్లి అమ్మాయికి పోయింది, రోజూ సడక్ వెంట నడిచి బడికొచ్చే పిల్ల, నాకంటే ఒక తరగతి కింద. కంచం, చెంబు ఇంకెవరెవరికో పోయాయి. అందరూ చప్పట్లు కొట్టారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టని సామెత ఉంది కదా, మా ఇంట్లో కూతురి సొమ్ము తండ్రి దానం చేశాడు, ఊరు హారతి పట్టింది. నాకు నోరు లేకనా? ఉంది, ఎవరిముందైనా ఉండేది, నాయిన ముందే ఉండేది కాదు.

అప్పటికి కూడా అది గిన్నెల సంగతే అనుకున్నాను. రెండు వారాలకు సంగారెడ్డిలో జిల్లా పోటీలని కాగితం వచ్చింది. బడి తరఫున ఎవరిని దేనికి పంపాలో రిజిస్టర్ చూసి రాశారు. లాంగ్‌జంప్‌కు చిరాగ్‌పల్లి అమ్మాయి, గుండుకు నేను! నా బరువు ఎంతుండేదో తెలుసా, మా అమ్మ నన్ను చూసి తిండి ఒంటికి పట్టని పిల్ల అని దిష్టి తీసేది. డ్రిల్లు సారు మా బడి పెద్దసారు గదిలోకి పోయి గట్టిగా మాట్లాడారు, బయటికి వినబడింది. బయటికొచ్చాక గుండు తెచ్చి నా ముందు పెట్టి, మనకు దొరికింది ఇదే, దీంట్లోనే నీ దూకుడు దాచిపెడదాం అన్నారు. నేను ఏడుస్తూనే గుండు ఎత్తాను.

"చేత్తోటి ఎయ్యకు బిడ్డా, కాలుతోటి ఎయ్యి. చెయ్యి ఆఖరుకు వస్తది," అన్నారు.

పోటీలకు ముందు దొరికిన ఆ మూడు వారాలు నా బతుకులో నేను నేర్చుకున్న అన్నిటికంటే పెద్ద పాఠం. గుండు విసరడం చేతిపని అనుకునేదాన్ని. వెనక్కు తిరిగి నిలబడి, నడుము దించి, గీసిన గుండ్రంలో వెనక్కు ఒక్క జరుగు జరిగి, నేలను కాలితో తన్నాలి. ఆ తన్ను పిక్కలోనుంచి తొడకు, తొడనుంచి నడుముకు, నడుమునుంచి భుజానికి ఎక్కి, చివరికి వేళ్ళ దగ్గర బయటపడాలి. ఆ తన్ను ఎక్కడిది? లాంగ్‌జంప్ పట్టీ మీద నేను తన్నేదే. నడుము దించడం ఎక్కడిది? సున్నపు గుర్తుల మీద నన్ను ఏడిపించిన ఆ పొడుగు అడుగుదే. అక్కడ ఒళ్ళంతా గాలిలోకి పోయేది, ఇక్కడ నేను ఉండిపోయి గుండు పోయేది, అంతే తేడా. అది తెలిసిన సాయంత్రం గుండు అంతకుముందు పడేచోటు దాటి దబ్బున పడితే నాకు నవ్వొచ్చింది, ఏడుపు మరిచిపోయాను.

సంగారెడ్డిలో గుండుకు వచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ నాకు రెండింతలున్నారు. నన్ను చూసి నీళ్ళిచ్చే పిల్ల అనుకున్నారు. నేను మూడో స్థానంలో వచ్చాను. అవతల లాంగ్‌జంప్‌లో చిరాగ్‌పల్లి అమ్మాయి భయపడిపోయి మూడుసార్లూ పట్టీ దాటి తొక్కింది, ఒక్క దూకుడూ లెక్కకు రాలేదు, చెట్టు కింద కూచుని మోకాళ్ళలో మొహం పెట్టుకుంది. ఆ పిల్ల తప్పేముంది? తనది కాని బరువు నెత్తిన పెట్టారు.

హైదరాబాద్ నుంచి ఆటల హాస్టల్‌కు పిల్లలను ఎంచుకోవడానికి ఒక సారు వచ్చారు. ఆయన నా గుండు ఎక్కడ పడిందో చూడలేదట, నా పాదాలు చూశారట. దగ్గరికొచ్చి మొట్టమొదట అడిగిన మాట: "నిన్ను గుండుకు ఎవరు పంపిన్రు?" నేను మా సారు వైపు చూశాను. ఆ హైదరాబాద్ సారు నన్ను తీసుకుపోయి ఇసుక గుంట ముందు నిలబెట్టి దూకమన్నారు. లాంగ్‌జంప్ అప్పటికే అయిపోయింది, టేపు చుట్టేసి పట్టుకుపోయారు, గెలిచిన పిల్ల పడినచోట గుచ్చిన పుల్ల మాత్రం ఇంకా తీయలేదు. దూకాను. నా మడమలు ఆ పుల్లకు అవతల దిగాయి. ఆయన వంగి చెయ్యి చాచి చూసి, జానెడు ఎక్కువే అని మా సారుతో అన్నారు. ఆడపిల్లలకు ఐదు ఆటలు కలిపిన పోటీ ఒకటుంది, హర్డిల్స్, గుండు, హైజంప్, లాంగ్‌జంప్, చివరన పరుగు, ఒక్కదాంట్లో గొప్పవాళ్ళు దానికి పనికిరారు, ఒకదాని విద్య ఇంకోదానికి మోసుకుపోయే ఇట్లాంటి పిల్ల కావాలి, హాస్టల్‌లో సీటుంది, చదువు, తిండి అన్నీ వాళ్ళే చూసుకుంటారు, కనీసం మూడు ఆటల్లో బడిలో ముందొచ్చినట్టు కాగితం తెస్తే చాలు, పదిహేను రోజుల్లో తెమ్మన్నారు. బస్సులో తిరిగి వస్తూ మా సారు మూడు భాషల్లోనూ ఒక్క తిట్టు తిట్టలేదు. ఆయన నవ్వడం చూసింది ఆ ఒక్క ప్రయాణంలోనే.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడని ఊరికే అన్నారా? పెద్దసారు రిజిస్టర్ తెరిచి చూపించారు. గుండు, ఒక్కటే. ప్రెసిడెంటు సంతకం పెట్టిన పేజీ నేను దిద్దితే నా ఉద్యోగం పోతుంది, ప్రెసిడెంటే వచ్చి, ఇది పంపకం, గెలుపు కాదు అని ఒక ముక్క రాసి సంతకం పెడితే ఈ క్షణం కాగితం ఇస్తాను అన్నారు. అంటే మా నాయిన ఒక్క ముక్క రాస్తే చాలు. నేను గాలిలో తేలుకుంటూ ఇంటికొచ్చాను, నాయినే కదా, నా నాయినే కదా అనుకుంటూ.

డ్రిల్లు సారు మా ఇంటికి వచ్చి అరుగు మీద కూచుని అంతా చెప్పారు. మా నాయిన శ్రద్ధగా విన్నారు, చాయ్ తెప్పించారు, ఆ తరువాత తల అడ్డంగా ఊపారు. ఇచ్చినంక అడుగుడేంది సారూ అన్నారు.

"గిన్నె వద్దు పటేలా. పిల్ల పేరు అడుగుతున్న," అన్నారు మా సారు.

"పేరు గుంజుకునుడు ఇంకా తప్పు. రేపు ఆ పిల్లల తల్లిదండ్రులకు నా మొకం ఎట్ల చూపియ్యాలె?"

నేను తలుపు వెనక నిలబడి విన్నాను. నా మొహం ఎట్లా ఉంటుందో ఆయనకు గుర్తు రాలేదు. మా అమ్మ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు, అన్నం వడ్డించి పక్కకు పోయేది, అంతకంటే ఏం చేయగలదు. మూడో రోజో నాలుగో రోజో చిరాగ్‌పల్లి అమ్మాయి టిఫిన్ డబ్బా పట్టుకుని ఒక్కతే మా ఇంటికి నడిచొచ్చింది. ఇది అక్కది పెద్దనాయినా, అక్క పేరే రాయుండ్రి అంది, ఎనిమిదో తరగతి పిల్ల, పెద్దమనుషులకు తోచనిది ఆ పిల్లకు తోచింది. మా నాయిన ఏం చేశారు? డబ్బా తీసుకుని లోపలికి పంపి, మూడు గిన్నెల నిండా జామకాయలు, పేలాలు, బెల్లం పెట్టించి, ఒట్టి గిన్నె పంపకూడదు బిడ్డా అని తల నిమిరి, అదే డబ్బా ఆ పిల్ల చేతికి తిరిగి ఇచ్చి పంపేశారు. ఎవరైనా చూసి ఉంటే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు, ఎంత గొప్ప మనిషి అని. నాకు ఆ జామకాయలు ఆయన మీదికి విసరాలనిపించింది. పదిహేను రోజులు అయిపోయాయి. ఆ సీటు ఎవరికి పోయిందో నాకు తెలియదు.

ఆ తరువాత పదో తరగతి, ఇంటరు, ఆ తరువాత పట్టుబట్టి డ్రిల్లు టీచర్ శిక్షణ పూర్తిచేశాను. ఎనభైల నడుమ రాయికోడ్ వైపు ఒక బడిలో ఉద్యోగం వచ్చింది. నేను చేసిన మొదటి పని ఏమిటంటే, టేపు కొన్నాను. రెండో పని, మైదానంలోనే కూచుని, ప్రతి పిల్ల ప్రతి దూకుడూ అప్పటికప్పుడే సిరాతో రిజిస్టర్‌లో రాయడం. పలక ముట్టుకోలేదు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని తోటి టీచర్లు నవ్వేవాళ్ళు, ఆ టీచరమ్మకు మనసు లేదు, పిల్లల మధ్య సెంటీమీటర్ల లెక్కలు పెడుతుంది అని ఊళ్ళో అనేవాళ్ళు. అననీ అనుకున్నాను.

ఒక సంవత్సరం ఆటల పండుగకు మా హెడ్మాస్టరు ముఖ్య అతిథిగా ఎవరిని పిలిచారనుకున్నారు? మా నాయిననే. నాకు సంతోషం కలిగిద్దామని పిలిచారట! ఆ ఏడు బర్రెలు కాసుకునే ఇంటి పిల్ల ఒకతె, తొమ్మిదో తరగతిది, మూడింట్లో ముందొచ్చింది, హర్డిల్స్, లాంగ్‌జంప్, హైజంప్, నాలాగే ఒకటి పట్టుకుంటే రెండోది దానంతటదే వచ్చిన పిల్ల. మా నాయిన తెల్లటి ధోవతి కట్టుకుని వచ్చి మైకు ముందు నిలబడి, పిల్లలకు నాలుగు మంచి మాటలు చెబుతూ, నా వైపు చెయ్యి చూపించి, మీ టీచరమ్మ మీ ఈడులో నాలుగింట్లో గెలిచింది, ఒక్క గ్లాసు తీసుకుని మిగిలినవన్నీ తోటి పిల్లలకు ఇచ్చేసింది, మా బిడ్డది పెద్ద మనసు, మీరూ అట్లనే పంచుకోవాలె అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. హెడ్మాస్టరు కూడా బల్ల మీది బహుమతుల వైపు, నా చేతిలోని కాగితం వైపు చూసి, మీ నాయిన చెప్పినట్టే పంచేద్దామా అన్నట్టు తల ఊపారు. ఆ పిల్ల నన్నే చూస్తోంది. మూడు గెలిచిన పిల్ల మొహం అప్పటికే చిన్నబోయింది, దానికి అర్థమైపోయింది.

నేను బల్ల దగ్గరికి పోయాను. మైకు ఇంకా ఆయన నోటి దగ్గరే ఉంది, కాబట్టి నేను అన్నది అందరికీ వినబడే ఉంటుంది.

"నేను ఇయ్యలే నాయినా. నువ్వు ఇచ్చినవ్."

చప్పట్లు ఆగిపోయాయి. ఊరి పంచాయతీలన్నీ తీర్చిన మా నాయిన నా వైపు చూశారు. నేను కాగితం పైకెత్తి ఆ పిల్ల పేరు పిలిచాను, హర్డిల్స్ అని. ఆయన వంగి కంచం తీసి ఇచ్చారు. మళ్ళీ అదే పేరు పిలిచాను, లాంగ్‌జంప్ అని. మళ్ళీ అదే పేరు. మూడుసార్లూ ఆయనే తన చేతులతో ఇచ్చారు, మూడోసారి ఆ పిల్లకు రెండు చేతులూ నిండిపోతే చెంబును ఆయనే దాని చంకలో పెట్టారు.

సాయంత్రం ఇద్దరం ఎర్రబస్సులో జహీరాబాద్ వచ్చాం. పక్కపక్కనే కూచున్నాం. తండ్రిని పదిమందిలో అవమానించినందుకు నాకు సిగ్గేసిందా అంటే వేసింది, కోపం తగ్గిందా అంటే తగ్గలేదు, ఒకటి రెండోదాన్ని చల్లార్చలేదు. సగం దారి దాకా ఆయన కిటికీలోనుంచి చెరుకు తోటలు చూస్తూ కూచున్నారు. అప్పుడు, నా వైపు తిరగకుండానే, అన్ని సంవత్సరాల్లో ఒక్కసారి కూడా అడగనిది అడిగారు.

"ఎంత దుంకినవ్ బిడ్డా, ఆ దినం?"

"కొలవలే నాయినా. గెలిచిన పిల్లకన్న జానెడు ఎక్కువ అన్నరు."

ఆయన తన కుడిచేయి మోకాలి మీద పెట్టుకుని, బొటనవేలు, చిటికెనవేలు చాపి జానెడు పరిచారు. బస్సు కుదుపులకు ఆ చెయ్యి అటూ ఇటూ కదిలితే మళ్ళీ సరిగ్గా పరుచుకున్నారు. ఊరొచ్చేదాకా దాన్నే చూస్తూ కూచున్నారు. ఆ తరువాత నాలుగు గెలిచిన పిల్ల కథ ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు ప్రతి బడిలో టేపులున్నాయి, ఫోన్లలో గడియారాలున్నాయి, ఏ పిల్ల ఎంత దూకిందో ఇంటికి చేరకముందే అందరికీ తెలిసిపోతుంది. ఒకరి గెలుపు తీసి ఇంకొకరికి ఇచ్చే ప్రెసిడెంటు ఎక్కడా లేడు, లేకపోవడమే మంచిది, ఆ మాట మీద నేను ఇప్పటికీ నిలబడతాను. కానీ వచ్చిన పిల్లను ఒట్టి గిన్నెతో పంపని మనిషి కూడా ఎక్కడా కనబడడు. ఆ ఇద్దరూ ఒక్కరే కావడం నా ఖర్మ. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నా కోపం మాత్రం పోలేదు, నాయినా, నువ్వు లేక అది ఎవరెవరి మీదనో పడుతోంది.